ఒక్క తలకే గీసిన పువ్వు

అరబ్బు దేశంలో ఇబ్రా అనే ఊళ్లో ఎవరింట్లోనైనా ఎంబ్రాయిడరీ మెషీను మొరాయించిందంటే, కొత్త పెట్టె విప్పాక ఏ తీగ ఎక్కడ గుచ్చాలో తెలియక ఇల్లాలు బిక్కమొహం వేసిందంటే, అందరి నోటా వచ్చే పేరు ఘనియాదే. యాభై దాటిన మనిషి. పొడుగ్గా ఉంటుంది, కాస్త ముందుకు వంగి నడుస్తుంది. చంకలో ల్యాప్‌టాప్ సంచీ, మెడలో దారానికి వేలాడే పెన్‌డ్రైవు. అది చూసి ఆడవాళ్లు "మెడలో తాయెత్తా ఏమిటి?" అని వేళాకోళం చేస్తే, "అవునమ్మా, మీ మెషీన్లకు పట్టిన దయ్యాలు దీనికే వదులుతాయి" అంటుంది. నవ్వదు. నవ్వకుండా నవ్వించడం ఆమెకు చిన్నప్పటి నుంచీ అలవాటే.

పెళ్లయిన కొత్తలో ఆమె కూడా అందరిలాగే మొగుడికి చేత్తోనే టోపీ కుట్టేది. కుమ్మా అనే ఈ టోపీ కుట్టడమంటే మాటలు కాదు. రెండు పొరల తెల్లగుడ్డ మీద ఆవగింజంత చిల్లులు పొడవాలి, ఒక్కో చిల్లు చుట్టూ దారం తిప్పాలి, అలాంటివి టోపీ నిండా కుట్టాలి. ఒక టోపీ పూర్తయ్యేసరికి కాలాలే మారిపోయేవి. మొగుడు గుండెపోటుతో పోయాక ఇక ఎవరి తలకు కుట్టాలో ఆమెకు తెలియలేదు. చూపు కూడా మందగించింది. మహిళా సంఘంలో కంప్యూటర్ నేర్పుతున్నారంటే, ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోలేక వెళ్లింది. అక్కడ ఒక మూల దుమ్ము కొట్టుకుపోయిన ఎంబ్రాయిడరీ మెషీను ఉంటే దాని పని పట్టింది. అప్పటి నుంచి ఊళ్లో మెషీన్లన్నీ ఆమె చేతి మీదే నడుస్తున్నాయి.

ఈ సాఫ్ట్‌వేర్ల పెట్టెల మీద పెద్ద పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది, ఒక్క మీట నొక్కితే చాలు, బొమ్మ కుట్టు అయిపోతుందని. రాసినవాడు జన్మలో కుమ్మా కుట్టి ఉండడు. ఆ మీట నొక్కితే చిల్లులన్నీ పూడ్చేసి, పైన ముద్దగా దారం నింపి, టోపీని దిండుగలీబులా తయారు చేస్తుంది. అందుకే ఘనియా ఆ మీట జోలికే పోదు. ఇల్లాలు గళ్ల కాగితం మీద గీసిన బొమ్మను ఫోటో తీసి ల్యాప్‌టాప్‌లోకి ఎక్కిస్తుంది. ఒక్కో చిల్లునూ తనే గుర్తు పెడుతుంది. సూది ఎక్కడ మొదలై ఎటు నడవాలో, దారం ఎక్కడా అడ్డంగా ఈడ్చుకుపోకుండా ఎలా తిరగాలో చూసుకుంటుంది. తర్వాత పెన్‌డ్రైవులో వేసి మెషీనుకు ఎక్కించి, పాత గుడ్డ మీద ఒకసారి కుట్టించి చూస్తుంది. అంతా బాగుందనుకున్నాక, కాఫీ ముట్టకుండా ముందు చేసే పని ఒకటుంది. ఇల్లాలి కళ్లముందే తన ల్యాప్‌టాప్‌లోంచీ పెన్‌డ్రైవులోంచీ ఆ బొమ్మను చెరిపేస్తుంది.

ఎందుకంటే బజారు పువ్వులు (టోపీ మీది బొమ్మ ఏదైనా ఇక్కడ పువ్వే) ఎవరైనా కుట్టుకోవచ్చు. పెళ్లాం తన చేత్తో గీసిన పువ్వు మాత్రం ఒక్క తలకే. ఇబ్రాలో ఇది ఎక్కడా రాసి లేదు, తెలియనివాళ్లూ లేరు. మగవాళ్లు పైకి గొప్ప గంభీరంగా కనిపిస్తారు గానీ, ఎదుటివాడి టోపీ వంక చూడకుండా కాఫీ తాగేవాణ్ణి ఒక్కణ్ణి చూపించండి, నేను ఒప్పుకుంటాను.

జోఖా గీసిన పువ్వంటే ఘనియాకు ప్రత్యేకమైన ఇష్టం. జోఖా భర్త సువైద్‌కు రాజధానిలో ఉద్యోగం. గురువారం సాయంత్రం వస్తాడు, శనివారం తిరిగి వెళతాడు. జోఖా వాళ్ల నాన్న ఒకప్పుడు తోటలకు ఫలజ్ కాలువ నీళ్లు వంతులవారీగా వదిలిన మనిషి. ఏ చుక్క పొడిస్తే ఎవరి వంతో ఆయనకు నోటికి వచ్చు. కూతురికీ ఆ చుక్కలు నేర్పాడు. పెళ్లయిన కొత్తలో ఆమె మేడ మీద కూర్చుని సువైద్ చేత అవి లెక్కపెట్టిస్తే ప్రతిసారీ ఒకటి మర్చిపోయేవాడట. టోపీ మీద ఆ చుక్కలన్నీ గీసి, ఆ ఒక్కచోటు మాత్రం ఖాళీ వదిలేసింది.

"ఇదేం తిక్కే తల్లీ! ఒక పక్క గీసి మిగతాది కాపీ కొడితే పోయేదానికి, ఈ ఖాళీ కోసం టోపీ చుట్టూ మళ్లీ గుర్తులు పెట్టాలి నేను" అని ఘనియా విసుక్కుంది.

"పెట్టు పిన్నీ. ఆయన మతిమరుపు ఆయన నెత్తి మీదే ఉండనీ" అంది జోఖా.

ఘనియా తిట్టుకుంటూనే పెట్టింది. ఆ టోపీ సువైద్ తల మీద చూసినప్పుడల్లా తనదేదో పెళ్లి చేసినంత సంతోషపడేది.

ఆ తర్వాత జోఖా పెద్ద ఫ్రేము ఉన్న కొత్త మెషీను కొనుక్కుంది. పాతదాన్ని బుధవారం సంతలో అమ్మకానికి ఇచ్చేసింది. ఇబ్రాలో బుధవారం సంత ఆడవాళ్లది. మగవాడి నీడ కూడా పడదు. దాన్ని ఎవరు కొన్నారో జోఖా అడగలేదు.

వేసవిలో ఊళ్లో ఒక పెద్దాయన పోయాడు. మగవాళ్లు పరామర్శకు సబ్లాలో, అంటే ఊరి చావడిలో, గోడల వెంబడి వరసగా కూర్చున్నారు. సువైద్‌కు ఎదురుగా ఖల్ఫాన్ కూర్చున్నాడు. ఖల్ఫాన్ నీళ్ల ట్యాంకర్ నడుపుతాడు. ఊళ్లో సగం ఇళ్ల తొట్లు నింపేది అతనే, అందులో సువైద్ ఇల్లూ ఒకటి. నలభై ఏళ్లు వచ్చినా పెళ్లి కాలేదు. సువైద్ ఖర్జూరం నోట్లో వేసుకోబోతూ తలెత్తి చూశాడు. ఖల్ఫాన్ టోపీ మీద అవే చుక్కలు. ఆ ఒక్కచోట అదే ఖాళీ.

ఖర్జూరం చేతిలోనే ఉండిపోయింది. పక్కవాడు చూశాడు, వాడి పక్కవాడూ చూశాడు. ఎవరూ ఏమీ అనలేదు. అనకపోవడమే కొంపముంచింది. సాయంత్రానికల్లా ఊరంతా చెవులు కొరుక్కుంది. మొగుడు వారమంతా ఊళ్లో ఉండడు, నీళ్లబండి గుమ్మం ముందు ఆగుతుంది, ఇంకేం కావాలి? ఆ రోజే సువైద్ భార్యను కారెక్కించి, దారంతా ఒక్క మాటైనా మాట్లాడకుండా వాళ్ల నాన్న గుమ్మం ముందు దించేసి వెళ్లిపోయాడు.

మరుసటి బుధవారం జోఖా సంతకు వచ్చింది. బట్టల దుకాణాల మధ్య బల్ల వేసుకుని కూర్చున్న ఘనియా ముందు నిలబడింది. కళ్లు ఉబ్బిపోయి ఉన్నాయి.

"ఎవరికిచ్చావ్ పిన్నీ నా పువ్వు?"

"ఏం మాటే అది? నీ కళ్లముందే కదా చెరిపేశాను!"

"మరి వాడి నెత్తికి ఎలా ఎక్కింది? దానంతటదే ఎగిరొచ్చి వాలిందా? నా మొగుడు నన్ను పుట్టింటి గుమ్మంలో దించేసి వెళ్లిపోయాడు, తెలుసా నీకు?"

"ఖురాను మీద చెయ్యేసి చెప్తాను జోఖా, నేనివ్వలేదు."

"ఒట్లు నేనూ వేశాను. ఎవరికి కావాలి ఒట్లు?" అనేసి జోఖా వెళ్లిపోయింది. చుట్టుపక్కల దుకాణాల్లో బేరాలు ఆగిపోయాయి. ఘనియాకు తల తీసేసినట్టయింది.

ఇంటికి వెళ్లి ల్యాప్‌టాప్ మూలమూలా గాలించింది. ఏమీ లేదు. పెన్‌డ్రైవూ ఖాళీయే. తన తప్పు లేదని తేలినందుకు ఊపిరి పీల్చుకోవాలి. కానీ ఇన్నాళ్లూ మెషీన్లు చూసిన బుర్ర కదా, ఊరుకోలేదు. ఖల్ఫాన్ టోపీ ఎవరు కుట్టి ఉంటారు? వాళ్లమ్మ షంసా తప్ప ఎవరున్నారు? షంసా దగ్గర మెషీను ఎక్కడిది? సంతలో కొన్న పాత మెషీను. దాన్ని అమర్చి ఇచ్చింది ఎవరు?

తనే. ఘనియా అలాగే చాప మీద కూలబడిపోయింది.

మెషీను కడుపులో దానిదొక సొంత జ్ఞాపకం ఉంటుంది. పెన్‌డ్రైవు తీసేసినా, ల్యాప్‌టాప్‌లో చెరిపేసినా, ఒకసారి దాచమంటే అది దాచుకుంటుంది. షంసా ఇంట్లో ఆ మెషీను పెట్టిన రోజు ఘనియా స్క్రీను తెరిచి చూసింది. లోపల ఎవరివో పాత బొమ్మలు గోరంత గోరంత కనిపించాయి. చెరిపేద్దామని వేలు పెట్టి, మళ్లీ వెనక్కి తీసింది. పోనీలే, చదువురాని ముసలావిడ, నాలుగు పువ్వులు ఎక్కువుంటే నొక్కుకుని మురిసిపోతుందనుకుంది. అవి ఎవరివో కళ్లజోడు పెట్టుకుని చూడలేదు. అప్పటికే కాఫీ పొంగుతున్న వాసన వస్తోంది.

షంసా ఇంటికి వెళ్లేసరికి ఆమె మెషీను ముందే కూర్చుని ఉంది.

"రావే, రా! నీకు ఎన్ని దండాలు పెట్టినా తీరదు. చూశావా మావాడి టోపీ? జన్మకొక్కసారైనా ఇంట్లో కుట్టిన టోపీ పెట్టుకున్నాడు నా కొడుకు. ఆ చుక్కల బొమ్మ నాకెంత నచ్చిందో! ఇదిగో, ఇది నొక్కా, అంతే, కుట్టుకుంటూ పోయింది" అని స్క్రీను చూపించింది.

ఘనియా కళ్లజోడు పెట్టుకుని చూసింది, జోఖా చుక్కలే. ఈ సంబరాన్ని ఎలా చంపాలి? లోపల గదిలోంచి ఖల్ఫాన్ వచ్చాడు. నెత్తి మీద ఆ టోపీయే ఉంది.

"ఏంటక్కా, అలా ఉన్నావ్? నాలుగైదు రోజులుగా చూస్తున్నా, నేను కనపడితే చాలు ఊళ్లో అందరూ మాటలు ఆపేస్తున్నారు. నువ్వు కూడానా?"

ఇక దాచి లాభం లేదు. మొదటి నుంచీ చెప్పేసింది. చెబుతున్నంతసేపూ ఖల్ఫాన్ కదలకుండా నిలబడ్డాడు. తర్వాత టోపీ తీసి, దులిపి, మడత పడకుండా ఆమె చేతిలో పెట్టాడు. భుజం మీది గుడ్డ తలకు చుట్టుకున్నాడు.

"ఆ ఇంటికి నీళ్లు పోశానే గానీ, ఆవిడ మొహం ఎలా ఉంటుందో నాకు తెలీదక్కా" అన్నాడు.

షంసా మాత్రం గుండెలు బాదుకుంది. "నా చేతులు పడిపోను! పరాయి పిల్ల కాపురంలో నిప్పులు పోశానే! నీకు పుణ్యముంటుంది, తెలియక చేశానని అందరికీ చెప్పు."

"నీ తప్పు కాదు. నువ్వు ఏడవకు" అంది ఘనియా. తప్పెవరిదో ఆమెకు తెలుసు. తెలిసినా, దారిలో మనసు నక్కలా తిరిగిందని చెప్పకపోతే అబద్ధమవుతుంది. పాత మెషీనుట, జోఖాయే చెరపకుండా అమ్మిందిట, నాకేం తెలుసు అంటే సరిపోతుంది. జోఖా మీది మచ్చా పోతుంది, తన అన్నమూ ఉంటుంది. బొమ్మలు చూసి కూడా వదిలేశానంటే, రేపు ఏ ఇల్లాలు తన కాగితం నమ్మి చేతికిస్తుంది? ఇంటికి చేరేదాకా ఆ సాకునూ నిజాన్నీ నాలుక మీద తిప్పుతూనే ఉంది.

గురువారం సాయంత్రం సువైద్ వచ్చాడని తెలిసి, షంసాను కారెక్కించుకుని, మెషీనును వెనక సీట్లో పెట్టుకుని వాళ్లింటికి వెళ్లింది. సువైద్ తండ్రి, పెదనాన్న కూర్చుని ఉన్నారు. సువైద్ మొహం మాడ్చుకుని కూర్చున్నాడు. ఘనియా సలాం చెప్పి, మెషీనును నడిమధ్యలో పెట్టి, తీగ గుచ్చింది.

"ఏంటమ్మా ఇది? పరామర్శకొచ్చావా, ప్రదర్శన పెట్టడానికొచ్చావా?" అన్నాడు పెదనాన్న.

"తప్పు ఒప్పుకోడానికొచ్చాను బాబాయ్. ఒక్క నిమిషం చూడండి."

ఫ్రేములో తెల్లగుడ్డ బిగించి, మెషీను జ్ఞాపకంలోంచి బొమ్మ పైకి తీసి, మీట నొక్కింది. సూది టకటకమని నడిచింది. ఒక్కో చుక్కా గుడ్డ మీదికి వచ్చింది. ఖాళీ చోటు దగ్గరికి రాగానే సూది దాన్ని దాటేసి ముందుకు వెళ్లిపోయింది.

"ఇది మీ ఇంట్లోంచి పోయిన పాత మెషీను. షంసమ్మ సంతలో కొంది. అమర్చింది నేను. లోపల పాత బొమ్మలున్నాయని చూశాను. చెరపాల్సింది నేను, చెరపలేదు. ముసలావిడ నచ్చిన బొమ్మ నొక్కి కొడుక్కి కుట్టింది. ఇంతకు మించి ఏమీ లేదు. తిట్టాలంటే నన్ను తిట్టండి" అంది ఘనియా.

షంసా గోడ దగ్గర ముడుచుకుని కూర్చుని ఏడుస్తోంది. సువైద్ గుడ్డను ఫ్రేములోంచి తీసుకుని, ఖాళీ చోటును వేలితో తడిమి చూశాడు. తర్వాత రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. "ఎంత పని చేశాను!" అన్నాడు. ఆ పూటే మామగారింటికి వెళ్లి భార్యను తీసుకొచ్చాడు. దారిలో పెద్ద బజారు దగ్గర కావాలనే కారు ఆపి, అందరూ చూస్తుండగా ఆమె కోసం హల్వా కొన్నాడట.

బుధవారం సంతలో ఘనియా బల్ల ముందు నిలబడి అదే మాట ఆడవాళ్లందరికీ వినపడేలా చెప్పింది. ఎవరూ తిట్టలేదు. "పాపం, ఒప్పుకుంది" అన్నారు. అన్నారే గానీ గళ్ల కాగితాలు ఆమె దగ్గరికి రావడం మానేశాయి. తీగలు గుచ్చడానికి పిలుస్తున్నారు, బజారు పువ్వులు ఎక్కించమంటున్నారు, సూది విరిగితే కబురంపుతున్నారు. సొంత పువ్వు మాత్రం ఎవరూ చూపించడం లేదు. ఇప్పుడు ప్రతి మెషీనులోనూ కళ్లజోడు పెట్టుకుని జ్ఞాపకం ఖాళీ చేస్తోంది, ఎవరూ అడగకపోయినా. కష్టమనిపించేది. కానీ ఆ కష్టం వెనకే ఒక చల్లటి మాట తోడుండేది. ఒక కాపురం నిలబెట్టాను. మెషీను పట్టుకెళ్లి కళ్లముందు కుట్టించి చూపించకపోతే ఆ పిల్ల గతేమయ్యేది? ఆ మాట తలుచుకుని తలుచుకుని నిద్రపోయేది.

చలికాలం మొదట్లో ఒక పొద్దున ఘనియా ఇంటికి జోఖా వచ్చింది. చేతిలో గళ్ల కాగితం. ఘనియా ఆనందం పట్టలేక గుమ్మంలోనే కౌగిలించుకుంది.

"నువ్వొచ్చావా! నువ్వే వస్తే ఇంకెవరైనా వస్తారే తల్లీ. ఎలా ఉన్నావ్? ఆయన ఎలా ఉన్నాడు?"

"బాగున్నాడు పిన్నీ. ఇప్పుడు రెండు రోజులకోసారి ఫోన్ చేస్తున్నాడు. వచ్చేటప్పుడు ఏదో ఒకటి తెస్తున్నాడు."

"తేవాలి మరి! సిగ్గుండాలి కదా!"

ఇద్దరూ నవ్వుకున్నారు. ఘనియా కాగితం విప్పి చూసింది. ఈసారి చుక్కలు కావు. కాలువ గట్టు, తూము, రెండు పాయలుగా చీలే నీళ్లు. సన్నటి గీతలు, ఒక్కచోట కూడా చెయ్యి తడబడలేదు. ఎంత బాగా గీసిందో! ల్యాప్‌టాప్ తెరిచి ఫోటో ఎక్కించింది.

"తల కొలత నాకు గుర్తుందిలే, సువైద్‌ది" అంటూ రాయబోయింది.

"అది కాదు పిన్నీ" అని జోఖా కొలత చెప్పింది.

ఘనియా వేళ్లు ఆగిపోయాయి. "ఇంత చిన్నదా? ఇది సువైద్ తల కాదే."

"మా నాన్నది."

ఘనియా తలెత్తి చూసింది. జోఖా కిటికీ వైపు చూస్తోంది.

"సువైద్ అడగలేదా?"

"ఫోన్ చేసినప్పుడల్లా అడుగుతున్నాడు. బజార్లో మంచివి దొరుకుతాయి, కొనుక్కోమన్నాను. కొనుక్కున్నాడు. బాగానే ఉంది కూడా. ఆ రోజు నేను కాళ్ల మీద పడ్డాను పిన్నీ. దేవుడి మీద ఒట్టేశాను. నా మొహం కూడా చూడలేదు. నువ్వు మెషీను తెచ్చి కుట్టించావు చూడు, అప్పుడు నమ్మాడు. మెషీను చెప్తే నమ్మాడు."

ఘనియా ల్యాప్‌టాప్ పక్కకు జరిపి ఆమెకేసి తిరిగింది.

"నీ మీద కోపం లేదు పిన్నీ. నువ్వు చేసింది మంచే. నేను ఆ ఇంట్లోనే ఉంటాను, వండుతాను, నవ్వుతాను. కానీ పువ్వు గీద్దామని కూర్చుంటే ఆయన తల గుర్తుకు రావడం లేదు. మా నాన్న ఉన్నాడు కదా, ఆ రోజు ఊరంతా ఏమనుకుంటోందో ఆయనకూ తెలుసు. తలుపు తీశాడు. నన్ను చూశాడు. అన్నం తిన్నావా అన్నాడు. అంతే. ఇంతవరకూ ఏం జరిగిందని అడగలేదు."

ఘనియా కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది. జోఖా చెప్పిన కొలత రాసుకుని, తూము దగ్గర మొదటి చిల్లు గుర్తు పెట్టింది.